తొమ్మిదేళ్ల ముసలివాడు



నేను పశువైద్యుణ్ణి. ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్లూ నా చేతుల్లో పడ్డవి ఎక్కువగా గేదెలూ, ఆవులూ, అడపాదడపా గొర్రెలూ. ఎవరైనా కుక్కను తెచ్చారంటే రేబిస్ టీకా కోసమే అనుకునేవాణ్ణి. ఆ రోజుల్లో ఒక రాత్రి పదకొండు దాటాక, మా ఊరి రైసుమిల్లు యజమాని గారు తన గ్రేట్ డేన్ కుక్కను ట్రాక్టరు ట్రక్కులో గోనెపట్టాల మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. పేరు భీముడు. నాలుగేళ్లవాడు. ఆ సాయంత్రం వాళ్లింట్లో అమ్మాయి నిశ్చితార్థం. వచ్చిన చుట్టాలందరూ ముచ్చటపడి వాడికి తలా నాలుగు ముద్దలు పెట్టారు. తిన్నాక వాడు పెరట్లో పిల్లలతో పరుగులు తీశాడు. పది గంటలకు మెడ చాచి ఓకరించడం మొదలుపెట్టాడు. ఎంత ఓకరించినా తెల్లటి నురగ తప్ప ఏమీ రాలేదు. డొక్క డోలులా బిగిసిపోయింది.

నాకు తెలిసిన వైద్యం గేదె వైద్యం. పచ్చి పిల్లిపెసర మేసి పొట్ట ఉబ్బిన గేదెకు ఎడమ డొక్కలో ట్రోకార్ దింపితే బుస్సుమని గాలి పోతుంది, కాసేపట్లో లేచి నిలబడుతుంది. భీముడికీ అలాగే లావుపాటి సూది దింపాను. గాలి పోయింది. వాడు తల ఎత్తి, తోక ఆడించాడు. యజమాని గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి కబురొచ్చింది, పోయాడని.

కుక్కలో జరిగేది వేరు. ఛాతీ లోతుగా, నడుము సన్నగా ఉండే పెద్ద జాతుల్లో జీర్ణాశయం లోపల ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుంది. అది ఒక్కసారిగా నిండి, గాలి చేరి ఉబ్బినప్పుడు తన చుట్టూ తాను తిరిగిపోతుంది. పిప్పరమెంటు కాగితాన్ని రెండు చివరలా మెలిపెట్టినట్టు పైదారీ, కిందిదారీ మూసుకుపోతాయి. అందుకే వాంతి రాదు. ఉబ్బిన సంచి గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. పక్కనున్న ప్లీహం కూడా దానితోపాటు మెలికలో పడుతుంది. రక్తం అందని జీర్ణాశయం గోడ నల్లబడి చచ్చుపడుతుంది. సూదితో గాలి తీస్తే ఒత్తిడి తగ్గి కుక్క కాసేపు తేరుకుంటుంది గానీ మెలిక అలాగే ఉంటుంది. దాన్ని విప్పాలంటే పొట్ట కోయాల్సిందే, అదీ కొన్ని గంటల్లోపే. చదువుకునే రోజుల్లో నేనీ పాఠం చదివే ఉంటాను. ఆ రాత్రి అది నా చేతికి రాలేదు.

భీముడు పోయాక పెద్ద కుక్కల గురించి పట్టుదలగా చదవడం, చేయి తిరిగిన సర్జన్ల పక్కన నిలబడి చూడడం మొదలుపెట్టాను. ఈరోజు మీకు చెప్పబోయేదంతా అక్కణ్ణుంచి వచ్చిందే. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, డాబర్‌మన్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్... ఇవి ఇప్పుడు మన పట్టణాల్లోనే కాదు, పల్లెల్లో కూడా ఇంటింటా కనిపిస్తున్నాయి. వీటిని ప్రాణంగా చూసుకునేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఆ ప్రేమలో చాలా భాగం అన్నం గిన్నె రూపంలోనే కుక్కను చేరుతోంది. వాటి ఆయుష్షు తరిగిపోవడానికి ఒక పెద్ద కారణం కూడా ఆ గిన్నెలోనే ఉంది.

జంతువుల్లో సాధారణంగా పెద్దవే ఎక్కువకాలం బతుకుతాయి. ఎలుకకు రెండు మూడేళ్లు, ఏనుగుకు అరవై ఏళ్లు. కుక్కల దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. ఒడిలో పట్టే పొమేరియన్ పదమూడు, పద్నాలుగేళ్లు బతికితే, దూడంత గ్రేట్ డేన్‌కు ఎనిమిదీ తొమ్మిదీ దాటడం గగనం. జర్మనీలోని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన కొర్నేలియా క్రౌస్ బృందం 74 జాతులకు చెందిన 56 వేలకు పైగా కుక్కల వివరాలు పరిశీలించి, 2013లో ఒక లెక్క చెప్పింది. సగటున శరీర బరువు ప్రతి 2 కిలోలు పెరిగేకొద్దీ సుమారు ఒక నెల ఆయుష్షు తగ్గుతోందట. పెద్ద కుక్కల్లో ముసలితనం ముందే మొదలవుతుందని స్పష్టంగా కనిపించలేదు గానీ, మొదలయ్యాక వేగంగా నడుస్తుందని వాళ్లు తేల్చారు.

ఆ వేగానికి పునాది పెరుగుదలలో ఉండొచ్చని అంటారు. శరీరాన్ని పెరగమని చెప్పే ఐజీఎఫ్-1 అనే ఒక హార్మోను లాంటి పదార్థం ఉంది. చిన్న జాతుల్లో దాని జన్యువులో ఒక చిన్న తేడా ఉన్నట్టు 2007లో కనిపెట్టారు. ఆ తేడా సైబీరియాలో దొరికిన 54 వేల ఏళ్ల నాటి తోడేలు అవశేషాల్లో కూడా ఉందని 2022లో బయటపడింది. అంటే మనిషి కుక్కను మచ్చిక చేసుకోక ముందు నుంచే అది ఉందన్నమాట. పెద్ద జాతుల రక్తంలో ఈ ఐజీఎఫ్-1 ఎక్కువ. ఆ పెరుగుదల ఎంత జోరుగా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. గ్రేట్ డేన్ పిల్ల పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి యాభై కిలోలకు చేరుతుంది. అంటే దాదాపు వంద రెట్లు. మూడు కిలోలతో పుట్టిన మన బిడ్డ అరవై కిలోలు కావడానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది, అదీ ఇరవై రెట్లే.

ఇక్కడ నాకెప్పుడూ బ్యారీ గుర్తొస్తాడు. ఆల్ప్స్ పర్వతాల్లో, గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గరున్న మఠంలో మంచులో చిక్కుకున్న బాటసారులను కాపాడిన కుక్క అతను. 1800లో పుట్టి 1814లో పోయాడు. పద్నాలుగేళ్ల జీవితం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరపు మ్యూజియంలో ఇప్పటికీ అతని రూపం భద్రంగా ఉంది. బ్యారీ బరువు 40, 45 కిలోలకు మించి ఉండదని అంచనా. నేటి సెయింట్ బెర్నార్డ్ 65 కిలోల నుంచి 80 కిలోల దాకా ఉంటుంది, ఎనిమిది నుంచి పదేళ్లు బతుకుతుంది. ఒక్క కుక్కను చూపించి సూత్రం కట్టకూడదని నాకు తెలుసు. కానీ ఈ రెండు వందల ఏళ్లలో మనం ఆ జాతిని ఎటు నడిపించామో ఆ రెండు బరువులే చెబుతున్నాయి. ఇప్పుడు మన దగ్గర కుక్కపిల్లలు అమ్మేవాళ్ల ప్రకటనల్లో "హెవీ బోన్" అనే మాట తప్పకుండా ఉంటుంది. ఎముక లావుగా ఉంటే ధర ఎక్కువ. ఆ మాట చూసి పిల్లను ఎంచుకోకండి. దాని తల్లిదండ్రులు ఎంతకాలం బతికాయి, ఎలా పోయాయి, తుంటి ఎక్స్‌రే తీశారా, ఇవి అడగండి. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం నియమాల ప్రకారం పెంపకందారు రిజిస్టరు చేసుకుని ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అడిగే హక్కు మీకుంది.

పిల్ల ఇంటికొచ్చాక జరిగే మొదటి పొరపాటు కాల్షియం సీసా. "ఎముకలు గట్టిపడాలి కదా డాక్టరు గారూ" అంటూ పూటకో చెంచా పోసేవాళ్లు చాలామంది. ఆరు నెలల లోపు పెద్దజాతి పిల్లకు, పేగులోకి వచ్చిన కాల్షియంలో ఎంత కావాలో అంతే తీసుకుని మిగతాది వదిలేసే శక్తి సరిగా ఉండదు. ఎంత పోస్తే అంత లోపలికి పోతుంది. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో గ్రేట్ డేన్ పిల్లల మీదే ఈ పరిశోధనలు జరిగాయి. కాల్షియం మోతాదు మించిన పిల్లల్లో ఎముకలు వంకర్లు పోయాయి, కీళ్లలో మృదులాస్థి దెబ్బతింది. పెద్దజాతి పిల్లల కోసం తయారైన ఆహారం పెడుతుంటే విడిగా కాల్షియం అవసరం లేదు. ఇంటి భోజనమే పెడుతుంటే సంగతి వేరు. వట్టి అన్నం, మాంసం మీద పెరిగే పిల్లకు కాల్షియం చాలదు, కాళ్లు వంగిపోతాయి. అలాంటి పిల్లకు ఎంత ఇవ్వాలో డాక్టరు బరువు చూసి లెక్కకట్టి చెప్పాలి. పక్కింటివారి సీసా చూసి మనం పోయకూడదు.

తుంటి కీలు గురించి కాస్త ఎక్కువసేపే చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికొచ్చే జర్మన్ షెపర్డ్‌లలో, లాబ్రడార్‌లలో ఎన్నో దీనితో బాధపడుతున్నవే. తొడ ఎముక పైభాగం బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలో గిన్నెలాంటి గుంటలో కూర్చుంటుంది. ఆ గిన్నె లోతు చాలకపోయినా, పట్టు వదులైనా బంతి లోపల కదులుతూ అరుగుతుంది. దీన్ని హిప్ డిస్ప్లేసియా అంటారు. అమెరికాలో 1935లో దీన్ని మొదటిసారి వివరించారు. తుంటి ఎక్స్‌రేలు చూసి ధ్రువపత్రం ఇచ్చే సంస్థ అక్కడ 1966లోనే ఏర్పడింది. జబ్బు వంశంలో వస్తుంది, కానీ ఎంత ముదురుతుందనేది మన చేతుల్లో చాలావరకు ఉంది. ఏడెనిమిది నెలల పిల్ల లేచేటప్పుడు తడబడుతున్నా, వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతున్నా, మెట్లెక్కనని మొరాయించినా చూపించండి. బద్ధకం అనుకోవద్దు.

మన ఇళ్లలో దీనికి ఇంకొక దోషం తోడవుతోంది. నున్నటి గ్రానైటు, పాలిష్ చేసిన టైల్స్. పట్టు దొరక్క వెనక కాళ్లు రెండు పక్కలకూ జారిపోతుంటే, ఎదిగే కీలు ప్రతి జారుడుకీ కొంచెం కొంచెం దెబ్బతింటుంది. కుక్క తిరిగే చోట పాత గోనెపట్టాలో, కొబ్బరిపీచు పట్టాలో, రబ్బరు పట్టాలో పరచండి. గోళ్లు కత్తిరించి ఉంచండి. పిల్లను మేడ మెట్ల మీద పదే పదే ఎక్కించి దించకండి. ఖర్చు లేని పనులివి.

ఇక బరువు. అమెరికాలో ప్యూరినా కంపెనీ పరిశోధకులు 48 లాబ్రడార్ పిల్లలను తీసుకున్నారు. ఒకే ఈతలో పుట్టినవాటిని జంటలుగా విడగొట్టారు. జంటలో ఒకదానికంటే రెండోదానికి పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. మిగతావన్నీ ఒకటే. పద్నాలుగేళ్ల పాటు చూసి 2002లో ఫలితం ప్రకటించారు. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటికి 13 ఏళ్లు. కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. ఆయుష్షులో దాదాపు రెండేళ్ల తేడా! నా ఇన్నేళ్ల వైద్యంలో ఏ మందూ, ఏ సూదీ ఒక లాబ్రడార్‌కు రెండేళ్ల ఆయుష్షు పోయడం నేను చూడలేదు.

ఈ మాట నేను చెప్పినప్పుడు "అది ఆకలిగా చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటామండీ" అంటారు. లాబ్రడార్ ఎప్పుడూ ఆకలిగానే చూస్తుంది. పొద్దున ఇడ్లీ, పదింటికి బిస్కెట్లు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం కోడి తోళ్లు, రాత్రి మళ్లీ అన్నం. ఇంట్లో నలుగురుంటే నలుగురూ ఎవరికి వారే "నేను కొంచెమే పెట్టాను" అంటారు. మీ చేతిని చాచి, వేళ్ల వెనక భాగాన్ని రెండో చేత్తో తడిమి చూడండి. సన్నటి చర్మం కింద ఎముకలు తగులుతాయి కదా. మీ కుక్క పక్కటెముకలు అలా తగలాలి. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి వెళ్లేకొద్దీ పైకి లేవాలి. బల్లలా నిండుగా ఉన్న కుక్క ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. దాని కీళ్లూ, గుండే ఆ బరువును పగలూ రాత్రీ మోస్తున్నాయి.

గుండె అన్నాను కాబట్టి డాబర్‌మన్ సంగతి చెప్పాలి. జర్మనీలో అపోల్డా పట్టణంలో పన్నులు వసూలు చేసే డాబర్‌మన్ అనే ఆయన తనకు తోడుగా తయారు చేసుకున్న జాతి ఇది. ఇందులో గుండె కండరం పలచబడి, సంచి సాగి, కొట్టుకునే బలం తగ్గిపోయే జబ్బు భయంకరంగా పాకింది. యూరప్ డాబర్‌మన్‌ల మీద 2010లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో సగానికి పైగా కుక్కల్లో అది బయటపడింది. దీని దుర్మార్గం ఏమిటంటే, పైకి ఏమీ తెలియకుండానే ఏళ్లు గడుస్తాయి. నిన్నటిదాకా గేటు దగ్గర మొరిగిన కుక్క ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. మూడు నాలుగేళ్ల వయసు నుంచి ఏడాదికోసారి గుండె స్కానింగు, వీలైతే ఇరవై నాలుగు గంటల ఈసీజీ తీయించాలి. లక్షణాలు రాకముందే పసిగడితే పిమోబెండాన్ అనే మందు జబ్బును వెనక్కి నెట్టగలదని 2012లో రుజువైంది. గ్రేట్ డేన్‌లకూ ఈ గుండె జబ్బు వస్తుంది.

ఎముక క్యాన్సర్ గురించి చెప్పడం నాకు కష్టం. రాట్‌వైలర్, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ కుక్కల్లో ఇది ముందరికాలి మణికట్టు దగ్గరో, భుజం దగ్గరో, వెనకకాలి మోకాలి దగ్గరో పుడుతుంది. మొదట కుంటుతుంది. బెణికిందేమోనని నొప్పి మందులిస్తాం, తగ్గుతుంది, మళ్లీ కుంటుతుంది. అప్పటికి నెల గడిచిపోతుంది. పెద్ద కుక్క ఏదైనా పది పదిహేను రోజులకు మించి కుంటుతుంటే, ఎముక దగ్గర గట్టి వాపు కనిపిస్తుంటే, మందులు మార్చుకుంటూ కూర్చోకుండా ఎక్స్‌రే తీయించండి. కాలు తీసేసి కీమోథెరపీ ఇస్తే చాలావాటికి సుమారు ఏడాది దక్కుతుంది. మూడు కాళ్ల మీద కుక్క ఎంత హాయిగా తిరుగుతుందో చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఆపరేషన్ అయిన మూడో రోజున తోక ఊపుకుంటూ ఎదురొచ్చిన రాట్‌వైలర్‌ను నేను చూశాను.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ విషయంలో ఒక మాట. ఏడాది నిండకముందే ఆ ఆపరేషన్ జరిగిన రాట్‌వైలర్‌లలో ఎముక క్యాన్సర్ బాగా ఎక్కువని 2002లోనూ, గోల్డెన్ రిట్రీవర్‌లలో కీళ్ల జబ్బులు ఎక్కువని 2013లోనూ అధ్యయనాలు చెప్పాయి. అందుకని పెద్దజాతులకు ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగడం మంచిది. ఆగమన్నారు కదా అని ఆడకుక్కను అలాగే వదిలేయొద్దు. వయసు మళ్లిన ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికొస్తుంది.

మన నేల మీది కష్టాలు రెండు ఉన్నాయి. ఒకటి ఎండ. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో మధ్యాహ్నం పూట లాబ్రడార్‌ను నడిపించేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దారి. రెండోది పిడుదులు, మన వైపు గోమార్లు అంటాం. అవి ఎర్లికియా అనే సూక్ష్మజీవిని ఎక్కించి జ్వరాన్ని తెస్తాయి. జర్మన్ షెపర్డ్‌లో అది మిగతా కుక్కల కంటే తీవ్రంగా ఉంటుంది. జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం కారడం కనిపిస్తే ఆ రోజే పరిగెత్తాలి. మందు ఉంది, డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆపకుండా వాడాలి.

మళ్లీ భీముణ్ణి చంపిన ఆ జీర్ణాశయపు మెలిక దగ్గరికొస్తాను. నిజానికి మీ దగ్గర కాగితం, కలం ఉంటే దాని లక్షణాలు రాసుకోమని అడుగుతున్నాను. ఓకరిస్తుంది, ఏమీ రాదు. చొల్లు కారుతుంది. ఒకచోట నిలవలేక తిరుగుతుంది, పొట్ట వైపు చూసుకుంటుంది. డొక్క ఉబ్బుతుంది. వీటిలో ఓకరింత ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, సోడా తాగించొద్దు, ఇంగువ పట్టొద్దు. ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి ఫోను చేస్తూనే బయల్దేరండి. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి మీ ఊరికి దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. రోజు తిండి ఒకేసారి పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి. గబగబా మింగే కుక్కకు వెడల్పాటి పళ్లెంలో పరిచి పెట్టండి. మెడ నొప్పి పుడుతుందని గిన్నెను పీట మీద పెట్టేవాళ్లున్నారు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఎత్తు మీద పెట్టిన గిన్నెతో ఈ ముప్పు పెరిగినట్టు తేలింది. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఇది వచ్చి ఉంటే మరీ జాగ్రత్త. అలాంటి కుక్కలకు ముందుగానే జీర్ణాశయాన్ని కుడివైపు పొట్ట గోడకు కుట్టేసే ఆపరేషన్ ఉంది. గాస్ట్రోపెక్సీ అంటారు. ఆ తర్వాత పొట్ట ఉబ్బినా మెలిపడడం చాలా అరుదు.

భీముడు పోయిన నాలుగేళ్లకు ఆ మిల్లు యజమాని గారు రెండు నెలల గ్రేట్ డేన్ పిల్లను ఒళ్లో పెట్టుకుని మా ఆసుపత్రికొచ్చారు. వెంట వాళ్లమ్మగారు. పేరు చిన్నోడని చెప్పి, ఆవిడ నన్నే చూస్తూ, "వీడికి ఎంత పెట్టాలో చెప్పు బాబూ. పెట్టేది నేనే. ఆ రోజు భీముడికి చివరి ముద్ద పెట్టింది కూడా నేనే" అన్నారు. నేను ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుని, ఆ రాత్రి నేను చేసిన పొరపాటు మొత్తం చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "అయితే ఇప్పుడు సరిగ్గా చూడు" అన్నారు.

చిన్నోడికి ఎదుగుదల పూర్తయ్యాక పట్నంలో పొట్ట కుట్టించాం. హాలంతా గోనెపట్టాలు పరిచారు. వాడికిప్పుడు తొమ్మిదేళ్లు నిండాయి. మూతి తెల్లబడింది, లేచేటప్పుడు ముందు కాళ్ల మీద ఒక క్షణం ఆగి లేస్తాడు. పోయిన వారం టీకా వేయడానికి వాళ్లింటికెళ్లాను. ఆవిడ వంటింట్లోంచి పాత ఇత్తడి సోల తెచ్చారు. వాడి తిండి దాంట్లో పోసి, పైన కుప్పగా నిలిచినదాన్ని అరచేత్తో చదును చేసి తిరిగి డబ్బాలోకి నెట్టేశారు. చిన్నోడు గోనెపట్టా మీద కూర్చుని, ఆవిడ చేతినే చూస్తున్నాడు.